పైట, కొంగు, పట్టా

స్త్రీ పురుష అసమానత అనే మాట వినగానే మన తెలుగు పాఠకుల కళ్ల ముందు ఒక బొమ్మ నిలబడుతుంది. ఒక ఇల్లు, ఇంటికి వసారా, వసారాలో పడక్కుర్చీ వేసుకుని పేపరు చదివే మగాడు, లోపల వంటింట్లో పొగకు కళ్లు నులుముకునే ఆడమనిషి. కథలు, కవితలు, పాఠ్యపుస్తకాలు, మార్చి 8 ఉపన్యాసాలు ఏళ్ల తరబడి ఈ బొమ్మనే చూపిస్తూ వచ్చాయి. బొమ్మ అబద్ధమని మేం అనం. వంటిల్లు చెరే. అయితే వసారా, పడక్కుర్చీ, పేపరు ఎవరింట్లో ఉంటాయి? ఆ ఇంటి దొడ్డి ఊడ్చేది, పేడ ఎత్తేది ఎవరు? ఆమె కూడా స్త్రీయే గదా. ఆ బొమ్మలో ఆమెకు చోటెక్కడ?

ఈ ప్రశ్న పట్టుకుని గత నలభై ఏళ్ల తెలుగు రచనల్లో కొన్నింటిని, వాటి చుట్టూ నడిచిన కొన్ని ఉద్యమాలను, పథకాలను ఒక చోట నిలబడి చదవాలనుకున్నాం. ఆ చోటు సిర్గాపూర్. నారాయణఖేడ్ డివిజన్‌లో, 2016లో జిల్లాలను విడదీసినప్పుడు కొత్తగా మండలమైన ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, అంతకు ముందు మెదక్. ఇంకా వెనక్కి పోతే 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. అటు కన్నడం, ఇటు మరాఠీ, నడుమ తెలుగు. వానను నమ్ముకున్న చేలు, కంది, జొన్న, పెసర, సోయా, పత్తి. వాడలు, తండాలు. చెరుకు కొట్టనీకి, పట్నంలో కూలి చెయ్యనీకి ఇల్లు తాళం వేసి పోవడం ఈ నేలకు కొత్త కాదు. స్త్రీవాదం మీద, దళితవాదం మీద మన చర్చలు ఎక్కువగా పట్నాల సభల్లో జరిగాయి. ఇక్కడ నిలబడి చదివితే వాటిలో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది? మా విమర్శకు ఇదే కొలమానం.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. 'స్త్రీ' అని ఏకవచనంలో మొదలుపెట్టిన లెక్క ఎప్పుడూ ఊరి నడిమధ్య ఇంటి స్త్రీ దగ్గరే ఆగిపోతుంది. వాడ చివరి గుడిసెలో ఉన్న స్త్రీ నుంచి లెక్క మొదలుపెడితేనే అది అందరి దాకా వస్తుంది. ఆ లెక్కకు కులం, కష్టం, భూమి మూడూ కావాలి. ఒక్కటి వదిలినా లెక్క తప్పుతుంది.

ఒకే గుడ్డ, రెండు పేర్లు

ముందు ఒక గుడ్డ సంగతి చూద్దాం. జయప్రభ రాసిన 'పైటను తగలెయ్యాలి' కవిత తెలుగు స్త్రీవాద కవిత్వంలో ఒక మలుపు. ఆడపిల్ల ఒంటి మీద పైట ఎట్లా ఒక కాపలాగా, ఒక సిగ్గుగా, తన ఒంటిని తానే దాచుకోవాల్సిన నేరంగా మారుతుందో ఆ కవిత చెప్పింది. అది రాగానే పెద్దమనుషులు ఉలిక్కిపడ్డారు. తెలుగులో ఆడవాళ్లు తమ శరీరం గురించి తామే మాట్లాడటం వాళ్లకు మింగుడుపడలేదు. ఆ ధైర్యానికి చరిత్రలో చోటుంది. దాన్ని తగ్గించే పని మేం పెట్టుకోలేదు.

తర్వాత జూపాక సుభద్ర 'కొంగు' రాసింది. గుడ్డ అదే. పేరు మారింది. పేరుతో పాటు దాని పని కూడా మారింది. పైట కప్పుకునేది, కొంగు నడుముకు చుట్టుకునేది. చెమట తుడుచుకునేది, నెత్తి మీద చుట్టకుదురయ్యేది, గింజలు మూటగట్టేది, బిడ్డకు పక్కయ్యేది. ఎండలో గొడుగు, చేలో గంప, ఇంట్లో తువాలు. ఈ గుడ్డను తగలబెడితే కైకిలికి పోయే మనిషి చేతిలో పనిముట్టు ఒకటి పోయినట్టే.

కొందరు విమర్శకులు ఈ రెండు కవితలనూ ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరు గెలిచారు అని తీర్పు చెప్పబోయారు. అది సరైన చదువు కాదని మేం అనుకుంటున్నాం. సుభద్ర కవిత పైట బాధ అబద్ధమని అనలేదు. ఒంటి మీది గుడ్డకు ఒకే అర్థం ఉందని అనుకోవద్దన్నది. ఊళ్లో ఇంటి గడప దాటనివ్వని కట్టుబాటు ఒక ఆడమనిషికి చెర. వాడలో ఇంటి గడప దాటకపోతే పొయ్యి వెలగని బతుకు మరో ఆడమనిషికి చెర. మొదటి ఆమెకు బయటికి రావడం విముక్తి. రెండో ఆమె పుట్టిన నాటి నుంచి బయటే ఉంది, ఆమె అడిగేది బయట మర్యాద, బయట సరైన కూలి, బయట ఒంటి మీద చెయ్యి పడకుండా భద్రత. "ఆడవాళ్లు ఉద్యోగాలు చెయ్యాలి, ఇల్లు దాటాలి" అని ఉపన్యాసం చెప్పే అయ్యవారికి పొద్దుగాల అయిదింటికే సద్ది కట్టుకుని పత్తి ఏరనీకి పోయే మనిషి ఏమని జవాబు చెప్పాలె? ఆమె ఏనాడు ఇంట్లో కూసున్నది గనుక!

సిర్గాపూర్ నుంచి చదివితే కొంగు పక్కనే పైట కూడా కనపడుతుంది. నాలుగెకరాలు కలిసొచ్చి, కొడుకు ఉద్యోగస్తుడైన దళిత కుటుంబం కూడా ముందు చేసే పని కోడలిని కూలికి పంపడం మానడం. అది గౌరవం అనుకుంటారు. కష్టం నుంచి విశ్రాంతి దొరికితే మంచిదే. ఆ విశ్రాంతితో పాటు ఊరి కులాల గడప కూడా అప్పు తెచ్చుకుంటే, కొంగు మెల్లగా పైట అవుతుంది. ఈ మార్పును మన విమర్శ ఇంకా సరిగ్గా చూడలేదు.

కులానికి కాపలా ఎవరు?

గడప ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్నకు అంబేద్కర్ 1916లోనే జవాబు చెప్పాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆ సంవత్సరం మే నెలలో చదివిన పత్రంలో, కులానికి ప్రాణం కులంలోనే పెళ్లి అని ఆయన తేల్చాడు. కులం లోపలే పెళ్లి జరగాలంటే ఆడ మగ లెక్క సరిపోవాలి. భర్త చనిపోతే ఆమె మిగులు. ఆ మిగులును చితి మీద పెట్టడం, బతికినన్నాళ్లూ వితంతువుగా కూర్చోబెట్టడం, ఆడపిల్లకు ఊహ తెలియక ముందే పెళ్లి చెయ్యడం, ఇవన్నీ కులాన్ని కాపాడే ఏర్పాట్లు. అంటే స్త్రీ మీద అదుపు కులానికి తాళంకప్ప. కులాన్ని ముట్టకుండా స్త్రీ పురుష సమానత్వం సాధిస్తామనడం తాళం తియ్యకుండా తలుపు తెరుస్తామనడమే.

ఇదేదో పాత పుస్తకంలో మాట కాదు. 1990లో మండల్ సిఫార్సులకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన కాలేజీ అమ్మాయిల్లో కొందరు, మాకు ఉద్యోగం లేని మొగుళ్లు వద్దన్న అర్థం వచ్చే అట్టలు పట్టుకున్నారు. రిజర్వేషన్ వల్ల ఉద్యోగం వచ్చిన బీసీ యువకుణ్ణి తాము పెళ్లి చేసుకోవచ్చన్న ఆలోచనే ఆ అట్టలో లేదు. సూసీ తారు, తేజస్విని నిరంజన 1990ల్లో రాసిన వ్యాసం ఈ సంగతిని పట్టుకుని చూపింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. దళిత యువకులు అగ్రకులాల ఆడవాళ్లను వేధించారన్న మాట ఆ హత్యలకు సమర్థనగా వచ్చింది. అక్కడ 'స్త్రీ' అన్న మాట కత్తికి పిడి అయింది. స్త్రీ గౌరవం పేరు చెప్పి వాడ మీద పడితే, వాడలోని ఆడవాళ్లు స్త్రీలు కాకుండా పోయారా? 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసినప్పుడు ఆ భర్తలు పోయిన ఇళ్లలోని ఆడవాళ్ల గురించి ఎన్ని స్త్రీ సంఘాలు మాట్లాడాయి? ఈ ప్రశ్న నిందగా అడగడం లేదు. మన లెక్కలో ఎవరు జారిపోతున్నారో తెలుసుకోవడానికి అడుగుతున్నాం.

బిందె ఎత్తిన మనిషి

దళిత ఉద్యమం తన లెక్క సరిగ్గా రాసుకుందా? కారంచేడు దగ్గర చూద్దాం. 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. ఆ హత్యాకాండకు ముందు రోజు చెరువు దగ్గర జరిగిందేమిటి? తాగే నీళ్లు పాడుచెయ్యొద్దని అడిగినందుకు కొట్టడానికి వచ్చిన వాళ్ల మీద మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. తెలుగు నేల మీద ఆధునిక దళిత ఉద్యమం మొదలైంది ఒక మాదిగ ఆడమనిషి నీళ్ల బిందె నుంచి. తర్వాత మహాసభలు వచ్చాయి, నాయకులు వచ్చారు, సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. వేదిక మీద కుర్చీలు వేసేటప్పుడు మాత్రం బిందె ఎత్తిన మనిషికి కుర్చీ కరువైంది. ఆమె పాటల్లో ఉంది, ఫోటోల్లో ఉంది. తీర్మానాలు రాసే చోట ఎంతమంది ఆడవాళ్లున్నారు?

సాహిత్యంలోనూ ఇదే కథ. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చింది. స్త్రీవాద కవిత్వానికి అది ఒక ముఖం ఇచ్చింది. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య సంపాదకత్వంలో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. దళిత కవిత్వానికి అది ఒక గొంతు ఇచ్చింది. రెండూ అవసరమైన పుస్తకాలే. అయితే ఒక అరలో కులం పల్చబడింది, మరో అరలో ఆడమనిషి పల్చబడింది. ఈ రెండు అరల నడుమ సందులో తామున్నామని దళిత స్త్రీలే లేచి చెప్పాల్సి వచ్చింది.

గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'నల్లపొద్దు' ఆ సందును చరిత్రగా మార్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల సాహిత్యాన్ని వెతికి ఒక చోట పోసింది. దళిత స్త్రీ రచన 1990ల్లో ఎవరో దయతలిస్తే పుట్టిందనే మాటకు ఆ పుస్తకం జవాబు. పాత పత్రికల్లో, సంఘాల కాగితాల్లో ఎనభై ఏళ్ల నుంచీ ఆ రచన ఉంది. వెతికేవాళ్లే లేరు. శ్యామల ఆ పని అక్కడితో ఆపలేదు. మెహతర్ కులంలో పుట్టి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగా, మంత్రిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని 'నేనే బలాన్ని' పేరుతో పుస్తకం చేసింది. నారాయణఖేడ్‌కు పక్కనే ఉన్న ఎల్లారెడ్డి నుంచి 1967లోనూ 1972లోనూ రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచి శాసనసభలో నిలబడి మాట్లాడిన జె. ఈశ్వరీబాయి గురించి మన బడిపిల్లలకు ఎంత తెలుసు? రాజకీయాల్లో స్త్రీల ప్రాతినిధ్యం గురించి ప్రాజెక్టు రాయమంటే ఎక్కడెక్కడి పేర్లో రాసే పిల్లలకు పక్క నియోజకవర్గం పేరు తెలియకపోవడం పిల్లల తప్పా?

హాస్టలు దాకా

శ్యామల కథలు మాకు ఇంకా దగ్గర. ఆమెది వికారాబాద్ జిల్లా పెద్దేముల్ ప్రాంతం. అక్కడి నేల, పంట, మాట ఇక్కడివాళ్లకు పరాయివి కావు. ఆమె కథల ఆంగ్ల సంపుటి 2012లో వచ్చి బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ సంపుటికి పేరుగా పెట్టింది మనందరికీ తెలిసిన సామెతనే, ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయమని. పేరు చూసి తండ్రులంతా దుర్మార్గులు, తల్లులంతా దేవతలు అనే కథలని అనుకుంటే పొరపాటు.

ఆమె రాసిన జోగిని కథ తీసుకుందాం. ఊరి పెద్దలు ఒక మాదిగ పిల్లను జోగినిని చెయ్యాలని నిశ్చయిస్తారు. తండ్రి ఒప్పుకోడు. పిల్లను తీసుకెళ్లి పట్నంలో హాస్టల్‌లో వేస్తాడు. ఆ పనికి అతను దెబ్బలు తింటాడు, కుటుంబం ఊళ్లో నిలువ నీడ కోల్పోతుంది. ఇంతే కథ. ఇందులో పురుషాధిక్యం ఎక్కడుంది? తండ్రిలో వెతికితే దొరకదు. ఒక మాదిగ ఆడపిల్ల ఒళ్లు ఎవరిదో నిర్ణయించే హక్కు తనకుందనుకునే ఊరిలో ఉంది. దేవుడి పేరు చెప్పి ఆ హక్కును రాసుకున్న కులంలో ఉంది. ఊరు పిల్లను అడిగింది, తండ్రి భూమిని, వీపును ఫణంగా పెట్టి పిల్లను కాపాడుకున్నాడు. వీపు మీద దెబ్బ, కాళ్ల కింద నేల, కూతురి బతుకు, మూడూ ఒకే ముడిలో ఉన్నాయి. మన జెండర్ పాఠాల్లో ఈ ముడి విప్పే అధ్యాయం ఉందా?

జోగిని ఆచారాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988 చట్టంతో నిషేధించింది. దానికి ఎనభై ఏళ్ల ముందే హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఈ దురాచారం మీద ప్రచారం మొదలుపెట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పటి నుంచి ఆది హిందువుల సంస్కరణలో ఆడపిల్లల సంగతి విడిగా లేదు, కులం సంగతిలోనే ఉంది. అంటే దళిత ఉద్యమానికి ఈ లెక్క కొత్తది కాదు. నడుమ మర్చిపోయింది.

కథలో మాకు ముఖ్యంగా కనపడేది హాస్టలు. ఆ పిల్లను కాపాడింది ఉపన్యాసం కాదు, ఒక గోడ, ఒక మంచం, రెండు పూటల బువ్వ, ఒక పలక. ఆంధ్రప్రదేశ్‌లో 1984 నుంచి వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాలు, తెలంగాణలో 2016 తర్వాత వచ్చిన గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు చేసిన పనిని ఈ కథ వెలుగులో చూడాలి. ఆడపిల్లకు పదిహేనేళ్లకే పెళ్లి చేసే తల్లిదండ్రులను తిట్టడం తేలిక. చెరుకు కొట్టనీకి నాలుగు నెలలు ఊరు విడిచి పోయే తల్లి ఎదిగిన పిల్లను ఎవరికి అప్పజెప్పాలె? తీసుకుపోతే చదువు పోతది, వదిలిపోతే భయం. ఆ భయానికి మందు పెళ్లి అనుకుంటుంది. నడిచే హాస్టలు ఒకటుంటే ఆ పెళ్లి రెండేళ్లన్నా ఆగుతుంది. హాస్టల్ అన్నంలో పురుగులు, మరుగుదొడ్డికి తలుపు లేకపోవడం స్త్రీ సమస్యలని మన స్త్రీవాద చర్చ ఎప్పుడు గుర్తిస్తుంది?

వాడలో మగాడు

ఇంతవరకు చదివి కొందరు మిత్రులు తృప్తిపడవచ్చు. "చూశారా, తప్పంతా ఊరిదే, వాడ మగాడు అమాయకుడు" అని. ఆ తృప్తిని మేం ఇవ్వలేం. పొద్దంతా ఇద్దరూ కలిసి కూలి చేసి వస్తారు. వచ్చాక అతను కల్లు దుకాణం వైపు, ఆమె పొయ్యి వైపు. ఆమె కూలి డబ్బులు అతని జేబులో. దెబ్బలు ఊరివాడు కొట్టినా, మొగుడు కొట్టినా వీపు ఒక్కటే. ఊరి అవమానాన్ని ఇంటికి మోసుకొచ్చి పెళ్లాం మీద దించుకునే మగాడికి అణచివేత పేరు చెప్పి మాఫీ ఇవ్వలేం. దళిత మగాడు ఆమె మీద చెయ్యెత్తినప్పుడు అతను ఊరి పటేలు భాషే మాట్లాడుతున్నాడు.

1995లో గోపాల్ గురు, దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని రాశాడు. ఆ ఏడాదే దళిత స్త్రీల జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఇటు అగ్రకుల స్త్రీలు, అటు దళిత మగవాళ్లు, ఇద్దరూ తమ తరఫున మాట్లాడటాన్ని వాళ్లు ప్రశ్నించారు. 1998లో శర్మిలా రేగే ఆ వాదాన్ని ఒక అడుగు ముందుకు నెట్టింది. దళిత స్త్రీ వేరు అని పక్కన కూర్చోబెడితే అందరికీ సుఖమే, ఎవరూ మారక్కర్లేదు. ఆమె నిలబడిన చోటి నుంచి ప్రపంచాన్ని చూడటం మిగతావాళ్లు కూడా నేర్చుకోవాలి అన్నది రేగే వాదన సారం. మేం ఈ రెండో మాట వైపు ఉన్నాం. మగ పరిశోధకులు, మగ కార్యకర్తలు దళిత స్త్రీల మీద సెమినార్ పెట్టి, టీ కప్పులు కడిగే పని స్త్రీలకే వదిలితే ఆ చోటు నుంచి చూసినట్టు కాదు. అంబేద్కర్ 1942లో నాగపూర్‌లో అణగారిన వర్గాల స్త్రీల మహాసభలో, ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో దాని స్త్రీలను చూసి కొలుస్తానన్నాడు. ఆయన ఫోటోకు దండ వేసే ప్రతి సంఘం ఆ కొలతతో ముందు తన కార్యవర్గాన్ని కొలుచుకోవాలి.

శ్యామల కథల్లోనూ, ఆ దారిలో వచ్చిన మరికొన్ని రచనల్లోనూ మాకు ఒక కొరత కనిపిస్తుంది. వాడను ఊరి నుంచి కాపాడుకోవాలన్న తపనలో వాడ లోపలి చీకటి మీద దీపం కొంచెం తక్కువగా పడింది. అందుకు కారణం తెలుసు. మన ఇంటి గొడవ బయటపెడితే ఊరు చప్పట్లు కొడుతుందన్న భయం న్యాయమైనదే. కాని ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? దెబ్బలు తినే ఆడమనిషే. తర్వాతి తరం రచయిత్రులు ఈ చీకట్లోకి నడవాలి. వాళ్లకు దారి ఇవ్వడం విమర్శకుల పని.

పట్టా ఎవరి పేరు మీద?

ఇక భూమి. తెలుగునాట ఆడబిడ్డకు ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985లో చట్టం వచ్చింది. దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో గాని రాలేదు. గొప్ప చట్టమే. అయితే తండ్రికే గుంట భూమి లేని ఇంట్లో కూతురి వాటా ఎంత? సున్నాలో సగం సున్నా. కూలికి కూలి సమానంగా ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. చేను గట్టు మీద మాత్రం మగ కూలి వేరు, ఆడ కూలి వేరు. బరువు పని మగది, తేలిక పని ఆడది అంటారు. పొద్దంతా నడుం వంచి కలుపు తియ్యడం తేలికని ఎవరు తూకం వేశారు? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనుల్లో ఆడ మగ ఇద్దరికీ ఒకే కూలిరేటు రాసి పెట్టారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ పనిదినాల్లో సగానికి మించి ఆడవాళ్లవే. కూలి సమానం కావడం కుదరదనే పటేళ్ల వాదనకు అదే జవాబు.

చెరుకు కొట్టే చోట లెక్క ఇంకా ఘోరం. పక్కనే మహారాష్ట్రలో మొగుడూ పెళ్లాం కలిసి ఒక 'కోయ్తా', అంటే ఒక కత్తి. బయానా మగాడి చేతికి, పని ఇద్దరిదీ. ఒక్క రోజు పని తప్పితే కోత. నెలసరి నొప్పి కూడా కోతే. 2019లో బీడ్ జిల్లాలో ప్రభుత్వం వేసిన కమిటీ ఎనభై రెండు వేల పైచిలుకు చెరుకు కూలి ఆడవాళ్లను విచారిస్తే పదమూడు వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నట్టు తేలింది. పని దినం పోగొట్టుకోకుండా ఉండనీకి శరీరంలో ఒక భాగాన్ని వదులుకోవడం! ఆడమనిషి శరీరం మీద హక్కు అనే స్త్రీవాద నినాదం ఇంతకన్నా పదునుగా ఎక్కడ వర్తిస్తుంది? ఈ కత్తుల మూటలు మోసేవాళ్లలో దళితులు, లంబాడాలు, పేద బీసీలు ఎక్కువ. శరీరం, కులం, కూలి ఇక్కడ మూడు ప్రశ్నలుగా విడిపోవు.

మరి దారి లేదా? ఉంది, పక్కనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టూ ఏర్పడ్డ ఆడవాళ్ల సంఘాల్లో ఎక్కువమంది దళితులు. పడావు భూములు సాగులోకి తెచ్చారు, జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలు తమ ఇళ్లలోనే దాచారు, కెమెరా పట్టారు, 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టారు. ప్రపంచం వాళ్లను 'విత్తన తల్లులు' అని, ప్రకృతి బిడ్డలని పొగిడింది. ఈ పొగడ్త మీద మాకు అభ్యంతరం ఉంది. ఆడమనిషి, నేల, విత్తనం అంటూ దండకం చదివితే అసలు సంగతి మరుగున పడుతుంది. వాళ్లు అంతకు ముందు పరాయి చేలల్లో కైకిలి చేసిన మాదిగ, మాల ఆడవాళ్లు. చేతికి సాగుభూమి వచ్చాక ఏ పంట వెయ్యాలో వాళ్లే తేల్చుకున్నారు. ఏ పంట అన్న నిర్ణయం చేతికి రావడమే అక్కడ జరిగిన విప్లవం. విత్తనం దాని గుర్తు మాత్రమే.

సారా ఉద్యమాన్ని కూడా ఇట్లనే చదవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాలవాళ్లు. వాళ్లు సారా దుకాణాలు మూయించారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చారు. ప్రభుత్వాన్ని నిలదీసిన ఆ ఆడవాళ్లనే తర్వాత పొదుపు సంఘాల్లో కూర్చోబెట్టారు. రూపాయి రూపాయి కూడబెట్టడం తప్పు కాదు. 2010 నాటికి సూక్ష్మరుణ కంపెనీల కిస్తీలకు ఊళ్లలో ఆత్మహత్యలు జరిగి, ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. సర్కారును ప్రశ్నించిన ఆడమనిషి కిస్తీ కట్టే ఆడమనిషిగా మారడాన్ని 'సాధికారత' అన్నారు. ఆ మాటను మేం అనుమానంగానే చూస్తాం.

2014 ఆగస్టు 15న భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు, అదీ ఆడమనిషి పేరు మీద ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది. ఆలోచన సరైనది. అందింది కొద్ది వేల కుటుంబాలకే. తర్వాత అది అటకెక్కింది. ఆడమనిషి పేరు మీద పట్టా అన్న సూత్రం మాత్రం అటకెక్కకూడదు. దాన్ని మళ్లీ మళ్లీ అడగాలి.

ఏం చెయ్యాలె

అసమానతను తగ్గించడానికి ముందు దాన్ని సరిగ్గా కొలవాలి. అందుకు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, కార్యకర్తలకు మా మాటలు ఇవి. ఊళ్లో స్త్రీల స్థితి మీద సర్వే చేసేవాళ్లు కులం, భూమి, కూలి మూడు గడులు విడదీయకుండా ఒక్క కాగితం నింపొద్దు. ఆ సర్వే వాడ చివరింటి నుంచి మొదలుపెట్టాలి, సర్పంచి ఇంటి నుంచి కాదు. తరగతి గదిలో పైట కవిత చెప్పిన రోజే కొంగు కవిత కూడా చెప్పాలి. రెండూ చదివిన పిల్ల తన తల్లి చీరను కొత్తగా చూస్తుంది. సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చిన 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గెలిచిన ఆడ సర్పంచి పక్కన మొగుడు కూర్చుని సంతకం పెట్టిస్తుంటే, ఆ కుర్చీని ఖాళీ చెయ్యమని అడగాల్సింది ముందు ఆ కుటుంబం మగవాళ్లు, సంఘం మగవాళ్లు. దళిత సంఘాల సభల్లో ఆడవాళ్లను స్వాగతోపన్యాసానికి, వందన సమర్పణకు పరిమితం చెయ్యడం ఆపాలి. తీర్మానం రాసే కలం వాళ్ల చేతిలో ఉండాలి. వలస పోయే నెలల్లో పిల్లల హాస్టళ్లు నడవాలని, పడావు, అసైన్డు భూములు ఆడవాళ్ల పేరు మీదే పట్టా కావాలని అడగడం స్త్రీ ఉద్యమ కోర్కెగానూ, దళిత ఉద్యమ కోర్కెగానూ ఒకే కాగితం మీద రావాలి.

స్త్రీ ఉద్యమం, దళిత ఉద్యమం పక్కపక్కన నడిస్తే చాలదు. రెండూ ఆ చివరి ఇంటి గడప దగ్గర కలవాలి. అక్కడ ఉన్న ఆడమనిషి తన చేను తన పేరు మీద ఉందని చూపించిన నాడు, ఆ చేలో ఏం వెయ్యాలో తానే చెప్పిన నాడు, ఆ మాటకు ఊరూ, ఇల్లూ రెండూ తలొగ్గిన నాడు, నడిమధ్య ఇంటి వసారాలో పడక్కుర్చీ కూడా కొంచెం కదులుతుంది. కింది నుంచి కదలని కుర్చీని పై నుంచి ఎంత ఊపినా అది మళ్లీ తన చోటికే వస్తుంది.